స్కైలైటు చుట్టూ నీరు కారుతుంటే ముందు గట్టును చూడండి

మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో చెప్తాను, ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. మీది చదునైన కాంక్రీటు స్లాబు. మూడేళ్ల కిందట దాని మీద తారు మెంబ్రేన్ షీటు వేయించారు. నిరుడు మెట్ల దగ్గర వెలుతురు కోసం స్లాబు కోయించి, మీటరున్నర పొడవు, మీటరు వెడల్పు ఉన్న స్కైలైటు పెట్టించారు. అప్పటినుంచి గట్టి వాన పడితే దాని మూలల దగ్గర సీలింగ్ తడుస్తోంది. మూడుసార్లు సిలికాన్ కొట్టించినా ఆగలేదు. ఇప్పుడొచ్చిన కాంట్రాక్టరేమో పాత షీటంతా పీకి కొత్తది వేయాలంటున్నాడు. తప్పు షీటుదా, స్కైలైటుదా, ముందు ఏది బాగుచేయించాలి అని అడిగారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా పైకప్పుల పనిలో ఉన్నాను. మీరు చెప్పినదాన్నిబట్టి షీటంతా పీకించే అవసరం నాకు కనిపించడం లేదు. రెండేళ్ల పాటు ఒక్క చుక్క కారనివ్వని షీటు, స్కైలైటు పెట్టిన మరుసటి వానకే మొత్తంగా పాడైపోదు. స్కైలైటు గాజు కూడా బాగానే ఉండి ఉంటుంది. ఆ రెండూ కలిసే చోటు ఒకటుంది. స్కైలైటు కూర్చోవడానికి చుట్టూ కట్టిన గట్టు అది. పనివాళ్లు దాన్నే కర్బ్ అంటారు. షీటు వేసినవాళ్లు ఒకరు, గట్టు కట్టిన మేస్త్రీ ఇంకొకరు, ఫ్రేము బిగించినవాళ్లు మరొకరు అయినప్పుడు ఆ గట్టు ఎవరి బాధ్యతా కాకుండా మిగిలిపోతుంది. నేను చూసిన కురిసే స్కైలైట్లలో ఎక్కువ భాగం ఇలా మిగిలిపోయినవే.

అయినా నా ఊహను నమ్మి పని మొదలుపెట్టకండి. ముందు రెండు పరీక్షలు చేసుకోండి.

మొదటిది, అది వాన నీరేనా అని. వాన లేని రోజు, చలిగా ఉన్న తెల్లవారుజామున గాజు లోపలి వైపు చూడండి. అక్కడ చుక్కలు పేరుకుని ఉంటే అది గది గాలిలోని తేమే, చల్లటి గాజు తగిలి నీరుగా మారింది. గదిలో 25 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉంటే, 16 డిగ్రీలకు చల్లబడిన గాజు మీదైనా లోహం మీదైనా చెమ్మ పడుతుంది. వేడి గాలి మెట్ల మీదుగా పైకే చేరుతుంది కాబట్టి స్కైలైటు దగ్గర ఇది మామూలే. మంచి ఫ్రేములో దీనికి ఏర్పాటు ఉంటుంది. గాజు అంచు కింద సన్నటి కాలువ ఉంటుంది, అందులో పడ్డ నీరు ఫ్రేము అడుగున ఉన్న చిన్న బెజ్జాల గుండా బయటికి పోతుంది.

ఆ బెజ్జాల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు మూడుసార్లు సిలికాన్ కొట్టించారు. తెలియనివాళ్లు ఫ్రేము చుట్టూ ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ సిలికాన్ నింపుతారు. బెజ్జాలు కూడా వాళ్ల కంటికి సందుల్లాగే కనిపిస్తాయి. అవి మూసుకుపోయాక కాలువలో చేరిన నీటికి దారి లేక లోపలికే పొంగుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, లీకు ఆపడానికి చేసిన పనే లీకు అవుతుంది. ఒక ఇంట్లో ఇలాగే ఏడాది పాటు సీలింగ్ తడిసింది. నేను అక్కడ చేసిందల్లా నాలుగు బెజ్జాల్లో గడ్డకట్టిన సిలికాన్‌ను సన్నటి చువ్వతో తీయడమే. మీ ఫ్రేము దిగువ అంచున బెజ్జాలున్నాయేమో, ఉంటే తెరిచి ఉన్నాయేమో ఈరోజే చూడండి.

రెండోది పైపు పరీక్ష. కనీసం రెండు మూడు రోజులు వాన లేకుండా, అంతా ఆరి ఉన్నప్పుడు చేయాలి. ఒకరు పైన నీళ్ల పైపుతో, ఇంకొకరు లోపల టార్చిలైటుతో ఉండాలి. తొందరపడి మొదటే స్కైలైటు మీద నీళ్లు గుమ్మరిస్తే ఏమీ తేలదు. అడుగునుంచి పైకి రావాలి. ముందు గట్టు పాదం దగ్గర, స్లాబు మీద మాత్రమే పదిహేను నిమిషాలు నీరు పారనివ్వండి. లోపల ఏమీ కనిపించకపోతే గట్టు నిలువు ముఖం మీద పట్టండి. ఆ తర్వాత ఫ్రేమూ గట్టూ కలిసే గీత మీద, చివరికి గాజూ ఫ్రేమూ కలిసే అంచు మీద పట్టండి. ఒక్కొక్క చోట పదిహేను నిమిషాలు ఆగడం విసుగే, కానీ నీరు లోపలి పొరల గుండా దిగడానికి ఆ సమయం పడుతుంది. ఏ దశలో చుక్క పడిందో అదే మీ జబ్బు. పైపు వేగంగా చిమ్మకూడదు, వానలా జారాలి. ఒత్తిడితో కొడితే ఏ వానకూ నీరు చేరని సందుల్లోకి కూడా దూరి తప్పుడు సమాధానం ఇస్తుంది.

లోపల మరక కనిపించిన చోటికి సరిగ్గా పైనే లీకు ఉండాలని లేదు. స్లాబులో నీరు పగులు వెంట, పైపు వెంట, పాత జాయింటు వెంట చాలా దూరం ప్రయాణం చేస్తుంది. అందుకే మరక చూసి పైన తవ్వడం మొదలుపెట్టేవాళ్ల మాట నేను వినను.

ఇక సిలికాన్ ఎందుకు నిలబడలేదో చెప్తాను. సిలికాన్ తారుకు సరిగా అంటుకోదు. షీటులోని నూనెలు పైకి ఊరి ఆ అతుకును ఇంకా వదులు చేస్తాయి. గాజుకూ అల్యూమినియానికీ మధ్య అది మంచి సీలెంటే, అంటే సందు మూసే ముద్దే, తారు షీటు మీద మాత్రం కాదు. పైగా పాత సిలికాన్ మీద కొత్త సిలికానే సరిగా అంటదు, ఇంక వేరే ఏ పూతా అంటదు. కాబట్టి మళ్లీ ఏ పని చేయించినా ముందు ఆ పాతదంతా బ్లేడుతో గీకి, అడుగు పొర దాకా శుభ్రం చేయించాలి. ఇది చాలామంది ఎగ్గొట్టే పని. దగ్గరుండి చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట, సీలెంటు వాటర్‌ప్రూఫింగ్ కాదు. సీలెంటు ఎండకు గట్టిపడుతుంది, కప్పు సాగి ముడుచుకుంటుంటే చిరుగుతుంది. అది లేకపోయినా నీరు లోపలికి రాని విధంగా పొరలు అమరి ఉండాలి. పెంకుల కప్పును గుర్తు తెచ్చుకోండి. అందులో జిగురు ఎక్కడుంది? పై పెంకు కింది పెంకు మీదికి ఎక్కి ఉంటుంది, అంతే. నీరు పల్లమెరుగు. దానికి ప్రతి చోటా కిందికి, బయటికి దారి చూపిస్తే లోపలికి రాదు. మీ స్కైలైటు దగ్గర మనం చేయవలసింది కూడా ఇదే.

గట్టు ఎలా ఉండాలో చెప్తాను. ఎత్తు ముందు. పూర్తయిన కప్పు ఉపరితలం నుంచి, అంటే షీటు, టైల్స్ ఏవి ఉంటే అవన్నీ వేశాక, కనీసం 150 మిల్లీమీటర్లు లేవాలి. అమెరికా ఇళ్ల నిర్మాణ నియమావళి ఐఆర్‌సీ, వాలు తక్కువగా ఉన్న కప్పులకు కనీసం 4 అంగుళాలు, అంటే సుమారు 100 మిల్లీమీటర్లు అంటుంది. నేనైతే 150కి తగ్గను, వీలైతే 200 పెడతాను. డ్రెయిన్ మూతికి ఆకులు అడ్డం పడి నీరు నిలిచినప్పుడు, వాన చినుకులు నేలను తాకి ఎగిరినప్పుడు ఆ కాస్త ఎత్తే కాపాడుతుంది. మీ గట్టు ఎత్తు ఎంతో మీరు రాయలేదు, కొలిచి చూడండి. తర్వాత టైల్స్ పరిపించి ఉంటే, మొదట ఉన్న ఎత్తులో సగం వాటి కిందే పోయి ఉండొచ్చు.

గట్టు దేనితో కట్టారన్నది ఎత్తు తర్వాత చూడాల్సింది. ఉన్న స్లాబు మీద ఇటుకలు పేర్చి సిమెంటు పూస్తే, పాత కాంక్రీటుకూ కొత్త ఇటుకకూ మధ్య ఒక గీత మిగులుతుంది. ఎండకు అవి రెండూ ఒకేలా సాగవు. కొన్ని నెలల్లో ఆ గీత వెంట వెంట్రుకవాసి పగులు వస్తుంది. స్లాబులో చువ్వలు దింపి కట్టిన కాంక్రీటు గట్టు మేలు. ఇటుక గట్టు ఇప్పటికే ఉంటే దాన్ని పడగొట్టనక్కరలేదు, కానీ ఆ గీత కదులుతుందని ఒప్పుకుని, షీటు దాని మీదుగా సాగేలా వేయాలి. ఎలాగంటే, గట్టు పాదం దగ్గర లంబకోణపు మూలలో సిమెంటుతో 50 మిల్లీమీటర్ల ఏటవాలు పూత వేస్తారు. కొందరు కోవింగ్ అంటారు, కొందరు గోళా అంటారు. షీటు ఒక్కసారిగా 90 డిగ్రీలు మడవకుండా, రెండు సార్లు 45 డిగ్రీలు వంగుతుంది. ఇది లేకపోతే షీటు మూలలో గాలి మిగిలి, ఎవరైనా కాలు పెట్టగానే చిరుగుతుంది. ఏటవాలు పూత మీద ముందు 250 మిల్లీమీటర్ల వెడల్పు అదనపు షీటు ముక్క వేసి, దాని మీద అసలు షీటు ఎక్కించాలి.

షీటు గట్టు ముఖం మీద సగం దాకా ఎక్కి ఆగిపోకూడదు. నూటికి తొంభై చోట్ల నేను చూసే తప్పు ఇదే, మీ దగ్గర కూడా ఇదే అయి ఉండాలని నా అనుమానం. షీటు 50, 60 మిల్లీమీటర్లు ఎక్కి, పై అంచున తారు ముద్ద పూసి వదిలేస్తారు. ఆ అంచు పైన ఉన్న సిమెంటు పూత వానకు తడుస్తుంది, నీరు పీల్చుకుంటుంది, పీల్చుకున్న నీరు లోలోపలే దిగి షీటు వెనక్కి చేరుతుంది. అప్పుడు షీటు ఎంత మంచిదైనా లాభమేముంది? నీరు దాని వెనక ఉంది. సరైన పద్ధతిలో షీటు గట్టు ముఖం మొత్తం ఎక్కి, పైన అడ్డంగా మడిచి, లోపలి అంచు దాకా రావాలి. దాని మీద ఫ్రేము కూర్చోవాలి. ఫ్రేముకు బయటి వైపు ఒక రేకు అంచు ఉంటుంది, అది పావడా అంచులా గట్టు మీదుగా కనీసం 50 మిల్లీమీటర్లు కిందికి దిగి షీటును కప్పాలి. పైది కింది దాని మీదికి వచ్చిందా లేదా? అంతే లెక్క. ఇలా ఉంటే ఫ్రేము కింద ఉన్న సీలెంటు పూర్తిగా చచ్చిపోయినా నీరు లోపలికి రాదు.

నాలుగు మూలల దగ్గర ఇంకొంచెం ఆగుదాం, ఎందుకంటే మీ మరకలు మూలల్లోనే ఉన్నాయన్నారు. గట్టు మూలలో మూడు తలాలు కలుస్తాయి. నేల ఒకటి, గోడలు రెండు. షీటు చదునైన వస్తువు, దాన్ని అక్కడ కోయకుండా మడవలేం. కోసిన చోట సూది మొనంత బెజ్జం సరిగ్గా నేల మట్టంలో మిగులుతుంది. నీరు నిలిచేదీ అక్కడే. కాబట్టి ప్రతి మూలకూ విడిగా ఒక ముక్క కోసి, మూల బిందువు మధ్యలో వచ్చేలా అతికించాలి. తారు షీటైతే వేడి చేసి బొటనవేలితో నొక్కినట్టు లోపలికి కూర్చోబెడతారు. టీపీవో, పీవీసీ అనే ప్లాస్టిక్ రకం షీట్లకైతే తయారుగా అచ్చుపోసిన మూల ముక్కలు దొరుకుతాయి, అవే వాడాలి. పనివాడి నైపుణ్యం తెలుసుకోవాలంటే నేను షీటు మధ్యలో చూడను, మూలలు చూస్తాను.

స్లాబు కోయించారు కాబట్టి ఒక మాట. కోసినప్పుడు లోపలి ఇనుప చువ్వలు తెగాయి. ఆ కోత చుట్టూ స్లాబు బలం తగ్గి, మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వచ్చే అవకాశం ఉంది. కింద సీలింగు వైపు, రంధ్రం మూలల దగ్గర అలాంటి గీతలున్నాయేమో చూడండి. ఉంటే వాటర్‌ప్రూఫింగ్ కంటే ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి. ఇందులో ఆలస్యం వద్దు. తెగిన చువ్వల కొనలు బయటికి కనిపిస్తుంటే తుప్పు గీకి, తుప్పు రాని పూత వేసి, మూయించాలి.

ఇప్పుడు షీటు విషయం. గట్టు చుట్టూ ఒక మీటరు మేర పాత షీటు తీసి, కొత్తది వేసి, పాతదాని మీదికి అతికిస్తే మీ సమస్య తీరాలి. పాత షీటు ఏ రకందో తెలుసుకోకుండా మాత్రం అతుకు వేయించకండి. తారు షీట్లలో ఏపీపీ, ఎస్‌బీఎస్ అని రెండు రకాలున్నాయి. ఏపీపీ వేడికి బాగా తట్టుకుంటుంది. ఎస్‌బీఎస్ రబ్బరులా సాగుతుంది, చలిలో పగలదు. తారు మీద పీవీసీ షీటును నేరుగా వేయకూడదు. పీవీసీని మెత్తగా ఉంచే పదార్థాలు తారులోకి పోయి షీటు పెళుసుబారుతుంది. ఈపీడీఎం రబ్బరు షీటుకూ తారు, నూనెలు పడవు, ఉబ్బిపోతుంది. అంటే మీ పాత షీటుకు అతుకు కూడా అలాంటి తారు షీటుతోనే వేయించాలి.

పని జరిగే రోజు మీరు చూడవలసినవి చెప్తాను. స్లాబు పూర్తిగా ఆరి ఉండాలి. పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. చదరపు ప్లాస్టిక్ కాగితం, సుమారు 45 సెంటీమీటర్లది, నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి కనీసం 16 గంటలు వదిలేయండి. తీసి చూస్తే అడుగున చెమ్మ ఉందా, కాంక్రీటు రంగు ముదిరిందా? అయితే షీటు వేయడానికి ఇంకా వేళ కాలేదు. కొత్తగా పోసిన కాంక్రీటు, సిమెంటు పూత అయితే 28 రోజులు ఆగడం మంచిది. తడి మీద షీటు వేస్తే ఆ తడి ఎండకు ఆవిరై, పోవడానికి దారి లేక షీటును బొబ్బలా లేపుతుంది. నీరు మరిగి ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది. షీటును అతికించే గ్యాసు టార్చి మంట తగిలిన క్షణంలోనే అతుకు ఎందుకు ఊడిపోతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

దుమ్ము ఊడ్చి, ప్రైమర్ (షీటు బాగా పట్టడానికి వేసే తొలి పూత) పూసి, చేతికి అంటనంతగా ఆరాక షీటు పరచాలి. కప్పులో అన్నిటికంటే పల్లంగా ఉన్న చోటినుంచి మొదలుపెట్టి ఎత్తు వైపు రావాలి. అప్పుడు ప్రతి అతుకూ నీరు పారే దిశకు అనుకూలంగా పడుతుంది. పక్కల అతుకు 100 మిల్లీమీటర్లు, చుట్ట చివర అతుకు 150 మిల్లీమీటర్లు. చివరి అతుకులన్నీ ఒకే వరసలో రాకుండా ముందూ వెనకా చేయాలి. మంట పెట్టినప్పుడు షీటు అడుగున ఉన్న పల్చటి ప్లాస్టిక్ పొర పూర్తిగా కరిగిపోవాలి. అతుకు అంచు వెంట కరిగిన తారు 5 నుంచి 10 మిల్లీమీటర్ల పూసలా బయటికి ఉబికి రావాలి. ఆ పూస లేని చోట అతుకు లేనట్టే లెక్క. తాపీతో దాన్ని చదును చేసి దాచేయనివ్వకండి, పనికి అదే సాక్ష్యం. మీ పాత షీటు మీద రాతి పొడి ఉంటే, అతుకు పడే చోట దాన్ని వేడి చేసి తారులోకి అణచాలి. రాతి పొడి మీద నేరుగా అతికిస్తే ఇసుక మీద అతికించినట్టే.

తారు షీటు మీద రాతి పొడి లేకపోతే ఎండ నేరుగా తగలకుండా అల్యూమినియం పెయింటో మరో పూతో తప్పనిసరి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తారును ఎండబెట్టి పగులగొడతాయి.

మొత్తం కొత్తగా వేయించాలని ఎప్పుడైనా అనుకుంటే, వేడి గాలితో అతికే టీపీవో, పీవీసీ షీట్లు నాకు ఇష్టం. మంట ఉండదు, అతుకును అప్పటికప్పుడే పరీక్షించవచ్చు. చల్లారాక మొద్దు మొనున్న చువ్వను అతుకు అంచు వెంట నొక్కుతూ లాగితే ఎక్కడ దూరుతుందో అక్కడ లోపం. పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు రెండు ముక్కలు అతికించి లాగి చూడమనండి. షీటే చిరగాలి, అతుకు విడిపోకూడదు. ఈపీడీఎం అయితే పరిచాక అరగంటైనా వదిలేయాలి, చుట్టలో పడ్డ ముడుతలు సర్దుకుంటాయి. సాగదీసి అతికిస్తే అది మళ్లీ ముడుచుకుని మూలల దగ్గర లాగేస్తుంది. గట్టులు, పైపులు ఎక్కువగా ఉన్న చిన్న కప్పుకు పాలీయురేథేన్ ద్రవ పూత కూడా మంచిదే. అతుకు అనేదే ఉండదు. కాకపోతే మందం పూర్తిగా పనివాడి చేతిలో ఉంటుంది. రెండు పూతలు రెండు రంగుల్లో వేయిస్తే ఎక్కడ పల్చబడిందో కంటికే తెలుస్తుంది. మూలల్లో, గట్టు పాదం దగ్గర పూతల మధ్య బట్ట పొర పెట్టాలి.

ఏ షీటైనా వాలు లేకపోతే కష్టమే. నీరు డ్రెయిన్ వైపు పారడానికి కనీసం 1:80, అంటే మీటరుకు 12 మిల్లీమీటర్లకు పైగా వాలు ఉండాలి. స్కైలైటు గట్టుకు ఎగువ వైపున నీరు వచ్చి ఆగే చోట ఒక చిన్న గుట్ట పోయాలి. మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలకూ వాలుగా ఉండి, నీటిని చీల్చి పక్కలకు పంపాలి. మీ స్కైలైటు మీటరు వెడల్పు కాబట్టి ఇది తప్పక పెట్టించండి. ఇది లేని చోట ఎగువ వైపు ఆకులు, మట్టి చేరి నిత్యం తడిగా ఉంటుంది. రెండు ఎగువ మూలలే ముందు కారతాయి. మీవి కూడా ఎగువ మూలలేనా?

పిట్టగోడ దగ్గర షీటు ఎక్కడ ఆగిందో కూడా ఒకసారి చూడండి. గోడలో 25 మిల్లీమీటర్ల గాడి కోసి, అందులోకి షీటు అంచు దూర్చి, పైన అల్యూమినియం పట్టీ బిగించి, ఆ పట్టీ పై అంచుకు సీలెంటు పెట్టి ఉండాలి.

వాలు ఎక్కువ ఉన్న పెంకుల కప్పు, షింగిల్స్ కప్పు అయితే వరస మాత్రం మరవకూడదు. స్కైలైటు చుట్టూ సందును కప్పే ఫ్లాషింగ్ రేకుల్లో దిగువది ముందు, పక్కల మెట్లుమెట్లుగా అమర్చే రేకులు ఒక్కొక్క వరస పెంకుతో పాటు అల్లుకుంటూ తర్వాత, ఎగువ రేకు అన్నిటికంటే చివర. ఎగువ రేకు పై అంచు పెంకుల కిందికి, దాని పైనున్న పొర కిందికి దూరాలి.

ఇక స్కైలైటు విషయం. గాజా, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్కా మీరు రాయలేదు. గాజైతే కిందికి ఉండేది లామినేటెడ్ గాజు కావాలి, పగిలినా ముక్కలు పొరకు అంటుకుని ఉంటాయి, మెట్ల మీద నడిచేవాళ్ల తల మీద పడవు. పాలీకార్బొనేట్ అయితే సాగడం గురించి ఆలోచించాలి. మీటరు పొడవుకు ఒక్కో డిగ్రీకి అది 0.065 నుంచి 0.07 మిల్లీమీటర్లు సాగుతుంది. రాత్రికీ మధ్యాహ్నానికీ 40 డిగ్రీల తేడా ఉంటే మీ మీటరున్నర షీటు సుమారు 4 మిల్లీమీటర్లు సాగి మళ్లీ ముడుచుకుంటుంది. అదే పొడవున్న గాజు సుమారు అర మిల్లీమీటరే సాగుతుంది. అందుకే పాలీకార్బొనేట్‌కు బెజ్జాలు స్క్రూ కంటే పెద్దవిగా వేసి, వెడల్పు రబ్బరు వాషరు పెట్టి, మరీ బిగించకుండా వదలాలి. బిగిస్తే ఆ బెజ్జం దగ్గరే చీలుతుంది. ఎండ తట్టుకునే పూత ఉన్న వైపు పైకి ఉండాలి, లోపల గొట్టాల్లాంటి ఖాళీ గదులున్న షీటైతే ఆ గదులు వాలు దిశలో నిలువుగా ఉండాలి. దీనికి పుల్లటి వాసన వచ్చే మామూలు సిలికాన్ వాడకూడదు, న్యూట్రల్ సిలికానే వాడాలి. మొదటిది పాలీకార్బొనేట్‌ను తినేస్తుంది, సన్నటి గీతల్లా పగుళ్లు వస్తాయి. మీకు కొట్టించిన మూడు సార్లలో ఏది వాడారో డబ్బా మీద చూడగలిగితే చూడండి.

సీలెంటు అవసరమైన చోట కూడా కొలత ఉంది. సందు వెడల్పుకు సగం లోతు చాలు. సందు అడుగున నురగ తాడు దూర్చి, దాని మీద సీలెంటు వేస్తే అది రెండు పక్కల గోడలకే అంటుకుని మధ్యలో రబ్బరు బ్యాండులా సాగుతుంది. తాడు లేకుండా నింపితే మూడు వైపులా అంటుకుని, సాగలేక చిరుగుతుంది.

పని చేసే మనుషుల గురించి కూడా చెప్పాలి. స్కైలైటు మీద, అది ఎంత గట్టిగా కనిపించినా, ఎవరినీ కాలు పెట్టనివ్వకండి. స్కైలైట్ల గుండా పడి ప్రాణాలు పోయినవాళ్లున్నారు. ఎండకు పెళుసుబారిన ప్లాస్టిక్ మనిషి బరువు ఆపలేదు. పని జరుగుతున్నంతసేపు దాని మీద బలమైన పలకలు కప్పి, కదలకుండా బిగించాలి, లేదా చుట్టూ అడ్డు కట్టాలి. టార్చి పని అయితే మంటలార్పే సిలిండరు పక్కనే ఉండాలి. ఆఖరి మంట ఆపాక కనీసం రెండు గంటలు ఎవరో ఒకరు అక్కడే ఉండి చూడాలి. గట్టులో చెక్క ఉంటే లోపల నిప్పు కనిపించకుండా రాజుకుంటుంది.

పని పూర్తయ్యాక డబ్బు చెల్లించే ముందు రెండు పరీక్షలు అడగండి. డ్రెయిన్ మూతులు మూసి, ఎత్తైన చోట కూడా 25 మిల్లీమీటర్లు నిలిచేలా నీరు కట్టి, 24 నుంచి 48 గంటలు ఉంచడం ఒకటి. పల్లంలో లోతు ఇంకా ఎక్కువే ఉంటుంది, 50 మిల్లీమీటర్ల నీరంటే చదరపు మీటరుకు 50 కిలోల బరువు. స్లాబు కోసిన ఇల్లు కాబట్టి ఇంజినీరు సరేనన్నాకే ఈ పరీక్ష పెట్టించండి. నీటి మట్టం గట్టు ఎత్తుకు బాగా కిందనే ఉండాలి. ఈ పరీక్ష షీటును చూస్తుంది గానీ ఫ్రేమును చూడదు. అందుకని నేను పైన చెప్పిన పైపు పరీక్ష మళ్లీ, అదే వరసలో చేయించండి.

కాంట్రాక్టరుతో మాట్లాడేటప్పుడు గట్టు, షీటు, ఫ్రేము మూడూ ఒకరి బాధ్యత కిందే రాయించుకోండి. వరస ఇలా ఉండాలి. ముందు ఫ్రేము విప్పి జాగ్రత్తగా పక్కన పెట్టడం, పాత సిలికాన్ గీకడం, గట్టు ఎత్తు సరిచేయడం, ఏటవాలు పూత, ఎగువ గుట్ట, అవి ఆరే దాకా రంధ్రం మీద తాత్కాలిక కప్పు, తర్వాత షీటు గట్టు పైదాకా, మూల ముక్కలు, చివర ఫ్రేము. ఫ్రేము విప్పకుండానే చేసేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఫ్రేము కదపకుండా షీటును గట్టు పైకి మడవడం కుదరదు. మీరు మళ్లీ ఏడాది తర్వాత ఇదే ప్రశ్న రాయాల్సి వస్తుంది.

పైపు పరీక్షలో రెండో దశలో, గట్టు ముఖం మీద నీరు పట్టినప్పుడే చుక్క పడుతుందని నా అంచనా. చేసి చూసి, ఏ దశలో, ఎన్ని నిమిషాలకు కనిపించిందో రాయండి. గట్టు ఎత్తు, ఫ్రేము దిగువ అంచు, ఎగువ మూలలు కనిపించేలా ఫోటోలు పెడితే ఎంత మేర తీయాలో చెప్తాను.